మీరెళ్ళండి బేటా, నేనిక్కడే కూర్చుంటా

ఈ మాట వినని ముస్లిం ఇల్లు ఉంటుందని నేననుకోను. మోకాళ్ళు అరిగిన అమ్మీ అంటుంది. షుగర్‌తో పాదాలు మొద్దుబారిన అబ్బా అంటాడు. తుంటి ఆపరేషన్ అయిన నానీ అంటుంది. ఉర్సుకి వెళ్ళినా, షాదీకి వెళ్ళినా, నుమాయిష్‌కి వెళ్ళినా ఓ కుర్చీ వెతుక్కుని అదే మాట. మనం దాన్ని వాళ్ళ సబర్ అనుకుంటాం. "మా అమ్మీకి ఏమీ అక్కర్లేదండీ, ఓ కుర్చీ, చేతిలో తస్బీ ఉంటే చాలు" అని నలుగురిలో ఫఖర్‌గా చెప్పుకుంటాం కూడా. ఆమె నిజంగా కూర్చోవాలనుకుందా, తన వల్ల అందరి నడకా నెమ్మదిస్తోందని అలా అందా అన్నది అడిగేవాళ్ళు తక్కువ.

ఈ మధ్య ఆ మాట సమందర్ మీద కూడా వినపడుతోంది. అమెరికాలోనో, లండన్‌లోనో స్థిరపడ్డ మన పిల్లలు అమ్మీ అబ్బాల్ని విజిట్ వీసా మీద పిలిపించుకుంటారు. ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెడితే విసుగు. కారులో ఊళ్ళు తిప్పితే రోజుకో హోటల్, రోజుకో మెట్ల వరస. అందుకని ఎవరో మష్వరా ఇస్తారు, క్రూజ్‌కి తీసుకెళ్ళమని. ఒకసారి జహాజ్ ఎక్కితే సామాను ఒక్కసారే విప్పుకోవచ్చు, గది అదే, భోజనం అక్కడే, బాత్‌రూం పక్కనే. బుజుర్గులకు ఇంతకంటే ఆరామ్‌గా ఉండే సఫర్ లేదనే అందరూ చెప్తారు, చాలా వరకు నిజం కూడా. కానీ ఎక్కాక తెలుస్తుంది, పెద్ద ఓడలు వెయ్యి అడుగుల పొడవుంటాయని. కేబిన్ ఒక కొసన ఉంటే భోజనాల హాలు ఇంకో కొసన ఉంటుంది. పొద్దున నాష్తాకి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఆ కారిడార్ కొలిచేసరికి అమ్మీ మోకాళ్ళు మొరాయిస్తాయి. రెండో రోజు సాయంత్రానికి ఆ పాత మాట రానే వస్తుంది. మీరెళ్ళండి బేటా.

దీనికి ఇలాజ్ ఉంది. దాని పేరు మొబిలిటీ స్కూటర్. మనం వాడనిది, వాడమంటే మొహం చిట్లించేది.

స్కూటర్ అంటే మన ఇళ్ళల్లో ముందు చేతకే గుర్తొస్తుంది. అబ్బా నడుపుతుంటే అమ్మీ వెనక ఒక పక్కకి తిరిగి కూర్చోవడం, ఇద్దరి మధ్యా ఒకడు, ముందు నిలబడి ఇంకొకడు. ఇది అది కాదు. మూడో నాలుగో చిన్న చక్రాల మీద కుర్చీ, ముందు హ్యాండిల్, కింద బ్యాటరీ. చాలావాటికి హ్యాండిల్ దగ్గర ఒక మీట ఉంటుంది, వేలితో లాగితే కదులుతుంది, వదిలేస్తే దానంతటదే ఆగిపోతుంది. వేగానికి ఒక గుండ్రటి మర, దానికి ఓ పక్క తాబేలు బొమ్మ, ఇంకో పక్క కుందేలు బొమ్మ. చదువు రాని మనిషికి కూడా అర్థమయ్యే ఇంతెజామ్. బ్రిటన్‌లో ఫుట్‌పాత్ మీద తిరిగే రకానికి గంటకు 4 మైళ్ళే హద్దు, అంటే చురుగ్గా నడిచే మనిషి నడకే. దీన్ని అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన అలన్ థీమ్ అనే ఆయన 1968లో తయారు చేశాడు. ఇంట్లో ఒకరికి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చి నడక కష్టమైతే, చక్రాల కుర్చీలో కూలబడకుండా తమంతట తాము తిరగడానికి ఏదైనా ఉండాలని చేసిన బండి అది. అంటే పుట్టిందే ఇంటి మనిషి మీద ముహబ్బత్‌తో.

మరి మనకెందుకు పడదు? నేను గమనించిన తమాషా ఒకటుంది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళే ఏ విమానం దగ్గరైనా చూడండి, వీల్‌చైర్ల బారు కనపడుతుంది. అందులో సగం మందికి కాళ్ళు బాగానే ఉంటాయి. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారేచోట దారి తెలీదు, ఇంగ్లీషు రాదు, ఇమిగ్రేషన్‌లో ఏం అడుగుతారోనని భయం, అందుకని పిల్లలు టికెట్‌లోనే వీల్‌చైర్ పెట్టించేస్తారు. అప్పుడు అమ్మీకి షరమ్ ఉండదు. ఎవరో వచ్చి తోసుకుంటూ తీసుకెళ్తారు, ఆమె బుర్ఖా సర్దుకుని కూర్చుంటుంది. అదే మనిషిని ఓడ మీద స్కూటర్ ఎక్కమంటే మాత్రం "నక్కో బాబా, లోగాఁ క్యా సమఝేంగే" అంటుంది. కాబట్టి ఆమె ఇబ్బంది చక్రాలతో కాదు. తోయించుకునేది మనకు అలవాటైన హాలత్, చేతికి హ్యాండిల్ ఇచ్చి నీ మర్జీ వచ్చిన చోటికి వెళ్ళమనడం అలవాటు లేని హాలత్. ముఖ్యంగా మన ఆడవాళ్ళకి. జిందగీలో సైకిల్ కూడా తొక్కని మనిషి అరవై ఐదో ఏట బండి నడపాలంటే భయం వేయదా?

ఇందులో అసలు చిక్కు వాళ్ళది కాదు, ఔలాద్‌ది. మా ఖాలా సంగతే చెప్తాను.

ఆమె కొడుకు, మా ఖాలాజాద్ భాయి, టెక్సస్‌లో ఉంటాడు. మంచి మనిషి, అమ్మీ అంటే ప్రాణం. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడకి అందరికీ టికెట్లు తీశాడు. (సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు మధ్యలో కెనడా రేవు ఒకటి తాకుతాయి, మన పాస్‌పోర్టు వాళ్ళకి కెనడా వీసా కూడా కావాలి. టికెట్ కొన్నాక పరిగెత్తకుండా ముందే చూసుకోండి.) మా భాభీ ఒక స్కూటర్ అద్దెకి మాట్లాడదామంది. అలాంటి కంపెనీలు రేవు ఊళ్ళలో ఉంటాయి, మనం ఎక్కే సరికి బండిని కేబిన్‌లో పెట్టించేస్తాయి, దిగాక వాళ్ళే తీసుకెళ్తారు. భాయి ఒప్పుకోలేదు. "నేను బతికుండగా మా అమ్మీకి మర దేనికి? వీల్‌చైర్ కొంటా, నేనే తోస్తా. అది నా ఖిద్మత్" అన్నాడు. ఆ మాటకి ఖాలా కళ్ళలో నీళ్ళొచ్చాయట. భాభీ ఇద్దరినీ కాదనకుండా, గొడవ పడకుండా స్కూటర్‌కి డబ్బు కట్టేసింది. తన తెలివికి నా సలాం.

మొదటి రెండు రోజులూ భాయి నిజంగానే తోశాడు. ఓడ కారిడార్లలో పరిచేది మెత్తటి కార్పెట్, దాని మీద వీల్‌చైర్ తోయడం ఇసకలో బండి తోసినట్టే. ఎంత ప్రేమ ఉన్నా మనిషి చేతులు మనిషి చేతులే. ఖాలా వెనక్కి చూడకుండానే వాడి ఊపిరి వింటోంది. మూడో పూట నుంచి "నాకు ఆకలి లేదు బేటా, ఏదైనా గదికి తెచ్చిపెట్టు" అనడం మొదలుపెట్టింది. కిటికీలోంచి కొండలు కనిపిస్తున్నాయి కదా, ఇదే చాలు అంది. ఆకలి లేకపోవడం అబద్ధం, తర్వాత మా ఇంటికొచ్చినప్పుడు తనే ఒప్పుకుంది. కొడుకు ఖిద్మత్ ఆమెను గదికి కట్టేసింది, ఆ సంగతి కొడుక్కి తెలీదు.

మూడో రోజు తెల్లవారుజామున ఆమెకు మెలకువొచ్చింది. అలాస్కాలో ఎండాకాలం ఫజర్ ఎప్పుడో ఇషా ఎప్పుడో తేల్చుకోవడమే ఓ పెద్ద మసలా, అంత వెలుగు. పిల్లలు నిద్రపోతున్నారు. మూల ఉన్న బండికి భాభీ తాళం చెవి పెట్టే ఉంచింది, ముందు రోజు కేబిన్‌లోనే రెండు సార్లు ముందుకూ వెనక్కీ నడిపించి చూపించింది. ఖాలా తాబేలు వైపు మర తిప్పుకుని, చున్నీ చక్రంలో పడకుండా నడుముకి చుట్టుకుని, బయటికి వెళ్ళిపోయింది. తలుపు చట్రానికి ఒకసారి రాసుకుంది. లిఫ్టులో ఎక్కింది. ఏ అంతస్తో తెలీక ఒక నంబరు నొక్కింది. పెద్ద గాజు అద్దాలున్న హాలు వచ్చింది, అక్కడ ఆగింది. ఎవరో గుజరాతీ పెద్దావిడ కాఫీ తాగుతూ కూర్చుని ఉంది. ఇద్దరికీ హిందీ వచ్చు. ఇంక చెప్పేదేముంది?

ఇక్కడ గదిలో భాయికి గుండె ఆగినంత పనైంది. ఓడ మీద అమ్మీ కనపడకపోతే మనసులోకి ఏమేం వస్తాయో మీరే ఊహించుకోండి. గంట తర్వాత దొరికింది. కోప్పడ్డాడు. ఖాలా నాతో అన్న మాట ఇది: "అరవై ఎనిమిదేళ్ళలో ఎవరికీ చెప్పకుండా, ఎవరి ఇజాజత్ లేకుండా నేనొక చోటికి వెళ్ళడం అదే మొదలు." ఫిర్యాదులా అనలేదు. పెళ్ళికి ముందు అబ్బా, తర్వాత ఖాలూ, ఆయన ఇంతెఖాల్ అయ్యాక కొడుకు. అందరూ మంచివాళ్ళే. అందరూ ఆమెను జాగ్రత్తగా తీసుకెళ్ళారు, జాగ్రత్తగా తీసుకొచ్చారు.

గ్లేసియర్ బే అని అలాస్కాలో ఒక నేషనల్ పార్కు ఉంది. అక్కడ పెద్ద ఓడల్లోంచి కిందికి దిగేది ఉండదు, మంచు నది సముద్రంలోకి విరిగిపడేచోటికి ఓడే మెల్లగా వెళ్ళి నిలబడుతుంది. రోజుకి రెండు పెద్ద క్రూజ్ ఓడల్నే రానిస్తారు. ఆ రోజు డెక్ మీద ఎవరికి ఎటువైపు చోటు దొరికితే అటు పరిగెత్తుతారు, ఓడ తిరిగినప్పుడల్లా ఆ పక్క నుంచి ఈ పక్కకి. ఖాలా బండి మీద అందరితో పాటు ఇటూ అటూ తిరిగింది. మంచు విరిగితే పిడుగు పడ్డట్టు వినిపిస్తుందట. ఆ చప్పుడు గురించి గుంటూరులో మా ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లు చెప్పిందో!

ఖిద్మత్ వద్దని నేననడం లేదు. మా భాయి చేసింది కూడా ఖిద్మతే. కాకపోతే మన ఇళ్ళల్లో ఖిద్మత్ అంటే చెయ్యి పట్టుకోవడం అని ఒక్కటే అర్థం స్థిరపడిపోయింది. చెయ్యి వదిలి, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండటం కూడా అందులో భాగమే. ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా పది గజాలు వెళ్ళగలిగిన మనిషికి రెండో పూట కూడా బయటికి రావాలనిపిస్తుంది. తోయించుకునే మనిషి ప్రతిసారీ లెక్కలేసుకుంటుంది, ఎవరు ఖాళీ, ఎవరికి తక్లీఫ్, ఎవరి మొహం ఎలా ఉంది అని. ఆ లెక్కల్లోనే సగం ప్రాణం పోతుంది.

"స్కూటర్ అలవాటైతే ఇక నడవదు" అనేవాళ్ళున్నారు. ఈ ఫికర్ తీసిపారేసేది కాదు. డాక్టర్లు నడవమనే చెప్తారు. కానీ స్కూటర్ వాడేవాళ్ళలో ఎక్కువమంది అసలు నడవలేనివాళ్ళు కాదు, దూరం నడవలేనివాళ్ళు. వాళ్ళ కాళ్ళలో ఉన్న తాఖత్ నెలాఖరు జీతం లాంటిది, కొంచెమే ఉంటుంది, ఎక్కడ ఖర్చు పెట్టాలో చూసుకోవాలి. కారిడార్ కొలవడానికి పెడితే భోజనాల దగ్గర మిగలదు. అక్కడిదాకా బండి మీద వెళ్ళి, దిగి, బఫే దగ్గర నాలుగడుగులు తనే వేసి, తనకి కావలసింది తనే వడ్డించుకుంటే అదీ నడకే. దీని వల్లే ఇంకో ముప్పు కూడా వస్తుంది. స్కూటర్ దిగి నిలబడగానే పక్కవాళ్ళు వింతగా చూస్తారు, "నడవగలదే, మరి నాటకమా?" అన్నట్టు. అలా చూసేవాళ్ళు అన్ని దేశాల్లో ఉన్నారు. వాళ్ళకి జవాబు చెప్పాల్సిన పని మన అమ్మీకి లేదు.

మసీదులో కుర్చీల సంగతి గుర్తు చేసుకోండి. నా చిన్నప్పుడు కుర్చీ మీద నమాజ్ చదివేవాళ్ళు ఒక్కరో ఇద్దరో, అందరి చూపూ వాళ్ళ మీదే. ఇప్పుడు వరస చివర కుర్చీలు ఉండని మసీదు అరుదు, ఎవరూ తల తిప్పి చూడరు. మక్కాలో హరమ్ పై అంతస్తుల్లో తవాఫ్‌కి, సయీకి ఎలక్ట్రిక్ బండ్లు తిరుగుతున్నాయి. ఉమ్రా నుంచి వచ్చినవాళ్ళు వాటి మీద దిగిన ఫోటోలు మనకే పంపిస్తారు. బీమారీతో ఉన్న ఉమ్మె సలమా గారికి సవారీ మీద తవాఫ్ చేసుకోమని ఇజాజత్ దొరికిన సంగతి జుమా బయాన్లలో విన్నదే. అంత పాక్ జగహ్‌లో ఐబు కానిది, భోజనాల హాలుకి వెళ్ళడానికి ఎందుకవుతుంది?

సరే, షరమ్ వదిలేశాం. ఇప్పుడు అంగుళాల లెక్క. ఇది బోర్ కొట్టినా చదవండి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు.

ఓడలో మామూలు కేబిన్ తలుపు చాలా ఇరుకు, చాలాచోట్ల 22, 23 అంగుళాలే. స్కూటర్ దాంట్లోంచి పట్టదు, లేదా పట్టీ పట్టనట్టు ఇరుక్కుంటుంది. "బయట కారిడార్‌లో పెట్టుకుంటాంలే" అని ఎవరైనా అంటే నమ్మకండి, పెట్టనివ్వరు. మంట అంటుకున్నా, ఓడ ఖాళీ చేయాల్సి వచ్చినా జనం పరిగెత్తే దారి అదే కాబట్టి బండి లోపలే ఉండాలి, లోపలే చార్జింగ్ పెట్టాలి. అందుకని వికలాంగులకు వీలుగా కట్టిన కేబిన్ అడగాలి. వాటి తలుపులు 32 అంగుళాలకు తక్కువ ఉండవు, బాత్‌రూంకి గడప ఉండదు, బండి తిప్పుకునే జాగా ఉంటుంది. కానీ అలాంటివి వేల మంది ఎక్కే ఓడలో కూడా కొన్నే ఉంటాయి, నెలల ముందే అయిపోతాయి. దొరక్కపోతే విడి భాగాలుగా విప్పే చిన్న మూడు చక్రాల బండో, సూట్‌కేస్‌లా మడతపడేదో చూసుకోవాలి. మూడు చక్రాలది ఇరుకు మలుపుల్లో సులువుగా తిరుగుతుంది, నాలుగు చక్రాలది ఒరగకుండా నిలకడగా ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సులు చాలా ఓడల్లో తీసేసుకుంటారు, కాబట్టి ప్లగ్గు ఎక్కడుందో, ఎన్ని వోల్టులో ముందే అడగండి. సొంత స్కూటర్ విమానంలో తీసుకెళ్ళేవాళ్ళకి ఇంకో పేచీ. లిథియం బ్యాటరీ ఊడదీసే రకమైతే 300 వాట్ అవర్స్ దాటకూడదు, దాన్ని లగేజీలో వేయకుండా చేతిలో పట్టుకెళ్ళాలి, విమానం వాళ్ళ ఇజాజత్ ముందే తీసుకోవాలి.

దిగే దగ్గర రెండు రకాల రేవులుంటాయి. ఓడ గట్టుకి ఆనుకుంటే ఒక వాలు వంతెన వేస్తారు. అలాస్కాలో ఆటుపోట్ల తేడా కొన్ని రోజుల్లో 20 అడుగుల దాకా ఉంటుంది, పొద్దున చదునుగా ఉన్న వంతెన సాయంత్రానికి మిద్దె నిచ్చెనలా నిలబడుతుంది. అప్పుడు సిబ్బంది మనిషిని నడిపించి బండిని వేరేగా దింపుతారు. రెండో రకం, ఓడ నడి నీళ్ళలో లంగరేసి చిన్న పడవల్లో గట్టుకి చేర్చేది. వీటిని టెండర్ రేవులంటారు. కరీబియన్‌లో గ్రాండ్ కేమన్ ఇలాంటిదే, గ్రీసులో శాంటొరిని ఇలాంటిదే. ఊగే పడవలోకి బరువైన స్కూటర్‌ని చాలా కంపెనీలు ఎక్కించవు. డబ్బులు కట్టి, అక్కడిదాకా వెళ్ళి, దూరం నుంచి ఊరిని చూసి తిరిగి రావడం ఎంత బాధో! శాంటొరినిలో గట్టుకి చేరినా పైనున్న ఊరికి వెళ్ళాలంటే కేబుల్ కారు, లేకపోతే వందల మెట్లు. ఓడ ఎక్కడ ఆగుతుందన్నది చూసుకునేటప్పుడు, ఎలా ఆగుతుందన్నది కూడా చూడండి.

మొదటి రోజే ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పుతారు. అసలైన ప్రమాదంలో లిఫ్టులు పనిచేయవని అనుకోవాలి. మెట్లు దిగలేని మనిషి ఫలానా గదిలో ఉందని ముందే రాయించుకుంటే, మోసుకెళ్ళే కుర్చీతో సిబ్బంది వస్తారు. కొందరు ఇది కూడా షరమ్ అని రాయించరు. అది మాత్రం జాన్‌తో ఆట. ఇంకో మాట, మనవడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తిప్పకండి. నాకు తెలుసు, తిప్పుతారు.

ఈ వెడల్పు తలుపులూ, గడప లేని బాత్‌రూములూ ఓడల కంపెనీలు మెహర్బానీగా కట్టినవి కావు. అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం 1990లో వచ్చింది. ఓడలేమో బహామాస్ లాంటి దేశాల జెండా కట్టుకుని తిరుగుతాయి, అమెరికా చట్టం మాకు వర్తించదని వాదించాయి. 1998, 1999లలో హ్యూస్టన్ నుంచి వెళ్ళే ఓడలకి టికెట్లు కొన్న స్పెక్టర్ అనే ఆయన, ఇంకొందరు వికలాంగులు, వాళ్ళతో పాటు వెళ్ళినవాళ్ళు కలిసి నార్వేజియన్ క్రూజ్ లైన్ మీద దావా వేశారు. వీలైన గదులకు తమ దగ్గర ఎక్కువ డబ్బు తీసుకున్నారని, ఓడలో చాలా చోట్లకి తాము వెళ్ళలేకపోయామని వాళ్ళ ఫిర్యాదు. కింది కోర్టులు దాటి అది సుప్రీంకోర్టుకి వెళ్ళింది. జెండా ఏ దేశానిదైనా, అమెరికా నీళ్ళలో ఉన్న ఓడకి ఈ చట్టం వర్తిస్తుందని 2005 జూన్‌లో తీర్పొచ్చింది. భద్రతకి ముప్పు తెచ్చే మార్పులు అడగకూడదని హద్దులూ పెట్టారు. ఐరోపా యూనియన్ 2010లో చేసిన 1177వ నంబరు నిబంధన ప్రకారం, 48 గంటల ముందు చెప్తే రేవులోనూ ఓడ మీదా ఉచితంగా సాయం అందించాలి.

హక్కు అనే మాట మనింట్లో మాటే. ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చి తెలుగైపోయింది. అయినా మనవాళ్ళు ఆ కౌంటర్ దగ్గర "ప్లీజ్ సార్, మా మదర్ ఓల్డ్" అని బతిమాలతారు. బతిమాలక్కర్లేదు. ప్రతి కంపెనీలోనూ ఇందుకోసమే ఒక విభాగం ఉంటుంది, టికెట్ కొన్న రోజే వాళ్ళకి మెయిల్ రాయండి. బండి వెడల్పు, పొడవు, బరువు, బ్యాటరీ రకం, మనిషి ఎన్ని మెట్లు ఎక్కగలదో, ఎంత దూరం నడవగలదో అన్నీ రాయండి. జవాబు కాగితం మీద తీసుకుని దగ్గర పెట్టుకోండి.

జకాత్‌కి చెయ్యి చాచేవాళ్ళు మన గల్లీలో ఉండగా ఈ క్రూజ్ ముచ్చట్లేమిటని ఒక దోస్త్ అన్నాడు. నిజమే, ఇది అందరి సఫర్ కాదు. మనలో చాలామంది ఇళ్ళల్లో జహాజ్ అంటే ముంబై నుంచి జిద్దాకి వెళ్ళిన హజ్ ఓడే, అదీ 1995లో ఆగిపోయింది. కానీ మా ఖాలా కథలో నన్ను కుదిపింది ఓడ కాదు, తిరిగొచ్చాక జరిగింది. తను మూడు నెలల తర్వాత గుంటూరు వచ్చింది. అలాంటి బండి ఇక్కడ కూడా కొనివ్వనా అని భాయి అడిగాడు. ఆమె నవ్వి, "ఎక్కడ నడపను?" అంది. ఇంటి ముందు మోరీ మీద పలక, ఫుట్‌పాత్ ఉన్నచోట అడుగున్నర ఎత్తు, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, పక్కన పార్క్ చేసిన బైకులు. మెడికల్ షాపుకి మూడు మెట్లు. ఖబ్రస్తాన్ గేటు దగ్గర కంకర. ఓడ మీద ఏడు రోజులు ఆమె మర్జీ ప్రకారం తిరిగిందంటే, ఆ ఏడు రోజులు నేల చదునుగా ఉంది, తలుపు వెడల్పుగా ఉంది, లిఫ్ట్ పనిచేసింది. మనకి కూడా 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, అందులో రోడ్లు, భవనాలు, రవాణా అన్నీ ఉన్నాయి. స్పెక్టర్ లాగా దావా వేసేవాళ్ళే తక్కువ. విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ తెరిచారు, అంతకు ముందే 2022లో చెన్నై నుంచి ఓడ వచ్చి వెళ్ళింది. రేపు అక్కడి నుంచి బుజుర్గులతో సఫర్ అనుకునేవాళ్ళు ఈ సవాళ్ళే అడగాలి, తలుపు ఎన్ని అంగుళాలు, బండికి ఇజాజత్ ఉందా, గడపలెంత ఎత్తు అని. పదిమంది అడిగితే పదకొండోవాడికి గది తయారవుతుంది. మన మసీదు కమిటీలు కూడా వజూఖానా ముందు మెట్టు పక్కన ఒక వాలు కట్టిస్తే ఖర్చెంతవుతుంది, నాలుగు బస్తాల సిమెంటా?

ఖాలా రంజాన్ తర్వాత మళ్ళీ టెక్సస్ వెళ్తోంది. ఈసారి గాల్వెస్టన్ నుంచి కరీబియన్ అట. భాయి ఈసారి వీల్‌చైర్ మాట ఎత్తలేదు. భాభీ పంపిన మూడు రూట్లలో ఒకదాంట్లో గ్రాండ్ కేమన్ ఉంటే ఖాలాయే దాన్ని కొట్టేయించింది, "ఉధర్ మేరీ గాడీ నై ఉతర్తీ" అని.